కట్ చేసి పేస్ట్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండక్కా

తెనాలి నుంచి ఒక అక్క రాశారు. ఉత్తరం పెద్దదే, నేను కాస్త కుదించి పెడుతున్నా:

"మా అబ్బాయి ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్తూ వాడి ఐఫోన్ నాకిచ్చేసి వెళ్ళాడు. వెళ్ళే ముందు రోజు ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్ పెట్టి దాన్ని బ్యాకప్ తీసి, తర్వాత ఫోన్ మొత్తం చెరిపేసి, నా పేరు మీద కొత్తగా సెట్ చేసిచ్చాడు. 'అమ్మా, ఆ బ్యాకప్ మాత్రం ముట్టుకోకు, కాలేజీ ఫోటోలు, తాతయ్య వాట్సాప్ వాయిస్‌లు అన్నీ అందులోనే ఉన్నాయి, అక్కడ కొత్త ఫోన్ కొన్నాక ఎక్కించుకుంటా' అన్నాడు. ఇప్పుడు నా ఫోన్ కూడా బ్యాకప్ పెట్టుకుందామని చూస్తే సి డ్రైవ్ ఎర్రగా కనపడుతోంది, 238 జీబీలో 9 జీబీ మిగిలింది. డి డ్రైవ్‌లో మాత్రం 931కి 700 దాకా ఖాళీ. మా మేనల్లుడేమో బ్యాకప్ ఫోల్డర్ కట్ చేసి డిలో పేస్ట్ చేసెయ్ అత్తా అంటాడు, రిపేర్ షాపాయనేమో ఫార్మాట్ కొట్టేస్తే అన్నీ సర్దుకుంటాయి అంటాడు. ఏం చెయ్యమంటారు? మావారిది శామ్‌సంగ్, దాని బ్యాకప్ కూడా డిలో పెట్టొచ్చా?"

అక్కా, ముందు ఒకటి చెప్తా, మిగతాదంతా తర్వాత. మీ ఫోన్‌ని ఆ ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో పెట్టకండి. ఛార్జింగ్ కోసం కూడా వద్దు, గోడ ప్లగ్గుకే పెట్టుకోండి ఈ రెండు రోజులు. ఎందుకో చెప్తే మీకే ఒళ్ళు జలదరిస్తుంది.

ఐట్యూన్స్ (ఐఫోన్‌ని కంప్యూటర్‌తో కలిపే యాపిల్ వాళ్ళ ప్రోగ్రామ్) బ్యాకప్ పెట్టేటప్పుడు ఫోల్డర్‌కి మనిషి పేరు పెట్టదు, యాపిల్ ఐడీ పేరూ పెట్టదు. ఆ ఫోన్ ఒంటి మీదుండే నంబర్ ఒకటుంటుంది కదా, ఆ పరికరానికే పుట్టుకతో వచ్చిన నంబర్, అదే ఫోల్డర్ పేరు. పాత ఫోన్లకైతే 40 అక్షరాలు, 2018 తర్వాత వచ్చినవాటికి మధ్యలో గీతతో కలిపి 25. ఫోన్ చెరిపేసినా, మనిషి మారినా, సిమ్ మారినా ఆ నంబర్ మారదు. అంటే మీ చేతిలో ఉన్నది మీ ఫోన్ అని మీరనుకుంటున్నారు గానీ, ఐట్యూన్స్ లెక్కలో అది ఇంకా అదే ఫోన్. మీరు కేబుల్ పెట్టి బ్యాకప్ నౌ నొక్కారంటే అది వేరే ఫోల్డర్ చెయ్యదు, మీవాడి ఫోల్డర్ తెరిచి దాని మీదే మీది రాసేస్తుంది. ఇదేంటి ఇందులో వేరే మనిషి డేటా ఉందే అని అడగదు. తాతయ్య వాయిస్‌లు పోయి మీ వాట్సాప్ గ్రూపు గుడ్ మార్నింగ్‌లు వచ్చి కూర్చుంటాయి అందులో. మీవాడు సెట్టింగ్‌లో ఆటోమేటిక్‌గా ఈ కంప్యూటర్‌కే బ్యాకప్ అవ్వాలి అని పెట్టి ఉంటే మీరు బటన్ కూడా నొక్కక్కర్లేదు, కేబుల్ తగిలిస్తే చాలు మొదలెట్టేస్తుంది. సి డ్రైవ్ నిండిపోయిందని మీరు తిట్టుకుంటున్నారు గానీ అక్కా, అది నిండబట్టే మీరు ఆగారు, మీరు ఆగబట్టే అవి ఉన్నాయి.

కాబట్టి ఇక్కడ పని ఒకటి కాదు, రెండు. మీవాడి బ్యాకప్‌ని ఐట్యూన్స్ చేతికి అందని చోట దాచడం ఒకటి. ఇక మీదట వచ్చే బ్యాకప్‌లు సిలో పడకుండా డిలో పడేలా దారి మళ్ళించడం రెండోది. మీ మేనల్లుడు చెప్పిన కట్ పేస్ట్‌తో ఆ రెండో పని అవ్వదు, ఎందుకంటే కట్ చేస్తే ఐట్యూన్స్‌కి పాత చోట ఏమీ కనపడదు, అప్పుడది మళ్ళీ సిలోనే కొత్త ఫోల్డర్ పెట్టుకుని మొదటి నుంచి మొదలెడుతుంది, నాలుగు నెలల తర్వాత మళ్ళీ సి ఎర్రబడుతుంది. బ్యాకప్ ఎక్కడ పెట్టాలో మార్చుకునే ఆప్షన్ ఐట్యూన్స్‌లో ఇన్నేళ్ళయినా ఇవ్వలేదు, అది వాళ్ళ పిసినారితనం, మన ఖర్మ. ఫార్మాట్ మాటంటారా, బ్యాకప్ బయటికి తియ్యకుండా ఫార్మాట్ అన్న మాట ఎత్తిన షాపుకి ఆ ల్యాప్‌టాప్ తీసుకెళ్ళకండి.

కట్ పేస్ట్ గురించి నాకింత కోపం ఎందుకంటే మా పిన్ని విషయంలో నేనే అది చేశాను. డెస్క్‌టాప్, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఆర్నెల్లయింది, ఎండాకాలం మధ్యాహ్నం, సగం కట్ అయ్యేసరికి కరెంట్ పోయింది. సగం ఫైళ్ళు ఇక్కడ సగం అక్కడ. అక్కడితో ఆగినా రెండూ కలిపి అతికించుకునేవాళ్ళం, నేను కంగారులో ఫోన్ పెట్టి ఐట్యూన్స్ తెరిచా, అది మిగిలిన సగం మీద కొత్తది రాయడం మొదలెట్టింది. తర్వాత రీస్టోర్ కొడితే బ్యాకప్ పాడైంది అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. పిన్ని ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. అప్పట్నుంచి నేను కాపీయే, కట్ జోలికి పోను.

సరే, పనిలోకి వద్దాం. ఐట్యూన్స్ తెరవండి, ఫోన్ లేకుండానే. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో డివైసెస్ అని ఉంటుంది. అక్కడ ఈ కంప్యూటర్‌లో ఉన్న బ్యాకప్‌ల లిస్టు పేరుతో, తేదీతో కనపడుతుంది. మీవాడి పేరు, వాడు బ్యాకప్ తీసిన తేదీ ఉందా చూడండి. ఉంటే హమ్మయ్య అనుకోండి. పక్కన తాళం బొమ్మ ఉందేమో కూడా చూడండి, దాని సంగతి చివర్లో చెప్తా. అదే పేజీలో కింద, ఐఫోన్లు ఆటోమేటిక్‌గా సింక్ అవ్వకుండా ఆపు అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అది టిక్ పెట్టి ఓకే కొట్టి ఐట్యూన్స్ మూసెయ్యండి. ఆ లిస్టు దగ్గరే డిలీట్ బటన్ కూడా ఉంటుంది జాగ్రత్త, చెయ్యి తగలనివ్వకండి.

ఇప్పుడు ఫోల్డర్ దగ్గరికి వెళ్ళాలి. అది దాచిపెట్టిన ఫోల్డర్‌లో ఉంటుంది, మామూలుగా వెతికితే దొరకదు. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే రన్ అని చిన్న బాక్స్ వస్తుంది, అందులో పర్సంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్ళీ పర్సంట్ గుర్తు, మధ్యలో స్పేస్ లేకుండా ఇంగ్లీషులో కొట్టి ఎంటర్. రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందులో యాపిల్ కంప్యూటర్, దానిలో మొబైల్‌సింక్, దానిలో బ్యాకప్. అక్కడ లేదంటే మీవాడు మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఐట్యూన్స్ దించుకున్నాడన్నమాట, అప్పుడు సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ ల్యాప్‌టాప్ యూజర్ పేరు, అందులో యాపిల్, మొబైల్‌సింక్, బ్యాకప్. ఈ రెండిట్లో ఒక చోట ఉంటుంది. కొంతమంది ల్యాప్‌టాప్‌లో రెండు చోట్లా ఉంటాయి, మొదట ఒక రకం ఐట్యూన్స్ వాడి తర్వాత రెండోది వేసుకున్నవాళ్ళకి, కాబట్టి రెండూ చూడండి.

బ్యాకప్ లోపల ఆ పొడుగాటి నంబర్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. లోపలికి వెళ్తే 00 దగ్గర్నుంచి రెండేసి అక్షరాల పేర్లతో 256 చిన్న ఫోల్డర్లు, వాటి నిండా పేరూ ఊరూ తెలియని ఫైళ్ళు. ఫోటోలు కనపడట్లేదే అని కంగారు పడకండి, ఫోటోలే అవి, పేర్లు మార్చి పెట్టింది అంతే. ఏ పేరు దేనిదో చెప్పే చిట్టా మానిఫెస్ట్ అనే ఫైల్‌లో ఉంటుంది. అందుకే లోపల ఒక్క ఫైల్ కూడా మనం తియ్యకూడదు, పేరు మార్చకూడదు, వీడియోలు ఒక్కటీ వేరే పెడదాం లాంటి తెలివితేటలు చూపించకూడదు. మొత్తం ఫోల్డర్ మొత్తంగానే కదలాలి. ఒకటి కంటే ఎక్కువ ఫోల్డర్లు ఉండి ఏది ఎవరిదో తెలియకపోతే, ఇన్ఫో అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, డివైస్ పేరు, ఆఖరి బ్యాకప్ తేదీ అందులో మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. చూసి సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి.

ఇప్పుడు డి డ్రైవ్‌లో అబ్బాయి పేరుతో ఒక ఫోల్డర్ చేసుకోండి. సిలో ఉన్న ఆ నంబర్ ఫోల్డర్‌ని కాపీ చేసి ఇందులో పేస్ట్ చెయ్యండి. పేరు ఉన్నదున్నట్టు ఉండనివ్వండి. టైం పడుతుంది అక్కా, చాలా పడుతుంది, ఎందుకంటే ఒక పెద్ద సినిమా ఫైల్ కాదు కదా, వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు, పైగా మీ డి డ్రైవ్ తిరిగే డిస్కులా ఉంది (238, 931 అని రెండు అంకెలు చూస్తేనే అర్థమవుతుంది, 256 జీబీ ఎస్సెస్డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఒకటి, 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి వేరు వేరుగా వచ్చిన ల్యాప్‌టాప్ అది). ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చి, మూత తెరిచే ఉంచి రాత్రి పడుకునే ముందు మొదలెట్టేయండి.

పొద్దున్నే అయిపోయాక, నమ్మేసి డిలీట్ కొట్టెయ్యకండి. సిలో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ ప్రాపర్టీస్, డిలో ఫోల్డర్ మీద కూడా అదే. ఫైళ్ళ సంఖ్య, సైజు బైట్లతో సహా రెండు చోట్లా ఒకటే ఉండాలి. సైజ్ ఆన్ డిస్క్ అనే రెండో లైను తేడా ఉన్నా పర్లేదు, పై లైను మాత్రం కచ్చితంగా కలవాలి. కలవకపోతే మళ్ళీ కాపీ, ఉన్నవి వదిలేసి లేనివి పెట్టు అనే ఆప్షన్ అడుగుతుంది.

ఇక దారి మళ్ళించే పని. ఇక్కడ చాలామంది చేసే తప్పు, డిలో ఉన్న ఫోల్డర్‌కి షార్ట్‌కట్ చేసి సిలో పెట్టడం. అది మన కంటికి ఫోల్డర్‌లా ఉంటుంది గానీ ఐట్యూన్స్‌కి అదొక చిన్న ఫైల్, దాన్ని దాటి వెళ్ళదు. మనకి కావాల్సింది జంక్షన్ అని వేరే ఉంటుంది. ఎలాగంటే, మీ బజార్లో గిన్నెల షాపు ఉందనుకోండి, కౌంటర్ బజార్లోనే ఉంటుంది, సరుకంతా ఊరవతల గోడౌన్‌లో. మీరు కౌంటర్ దగ్గరికే వెళ్తారు, అక్కడే తీసుకుంటారు, లోపల గోడౌన్ నుంచి వచ్చిందని మీకు తెలియదు, తెలియక్కర్లేదు. ఐట్యూన్స్‌కి సిలో బ్యాకప్ అనే కౌంటర్ కనపడుతుంది, సరుకు మాత్రం డిలో పడుతుంది.

దీనికి డిలో ఇంకో కొత్త ఖాళీ ఫోల్డర్ చెయ్యండి, ఫోన్‌బ్యాకప్ అనో ఏదో ఇంగ్లీషులో పేరు, మధ్యలో స్పేస్ వద్దు. అబ్బాయి ఫోల్డర్ వేరు, ఇది వేరు, కలపకండి. మీవాడిది ఇందులో పెడితే మళ్ళీ మొదటికొస్తాం. తర్వాత సిలో ఉన్న బ్యాకప్ ఫోల్డర్ మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే కాపీ యాజ్ పాత్ అని వస్తుంది, అది నొక్కి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసుకోండి, అడ్రస్ మొత్తం డబుల్ కొటేషన్లతో సహా వచ్చేస్తుంది, చేత్తో టైప్ చేసి తప్పులు పడే బాధ లేదు. డిలో కొత్త ఫోల్డర్‌కి కూడా అలాగే చేసి కింద పెట్టుకోండి. రెండు అడ్రస్‌లూ చేతికొచ్చాక సిలో ఉన్న బ్యాకప్ ఫోల్డర్ పేరు చివర ఓల్డ్ అని తగిలించండి. ఇది మర్చిపోతే ఫైల్ ఆల్రెడీ ఉంది అని ఎర్రర్ ఇస్తుంది, ఒకే బోర్డుతో రెండు కౌంటర్లు ఉండవు కదా.

ఇప్పుడు స్టార్ట్ మెనూలో సీఎండీ అని మూడక్షరాలు కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. పవర్‌షెల్ కాదు, అందులో ఈ కమాండ్ పలకదు, కొత్త విండోస్‌లో టెర్మినల్ తెరిస్తే పవర్‌షెల్ వస్తుంది కాబట్టి పేరు చూసుకోండి. అందులో ఎంకెలింక్ (ఎం, కె, ఎల్, ఐ, ఎన్, కె కలిపి), ఒక స్పేస్, ప్రశ్న గుర్తు కీ మీద ఉండే స్లాష్, దానికి అతికించి జె, ఒక స్పేస్, నోట్‌ప్యాడ్‌లో పెట్టుకున్న సి అడ్రస్, ఒక స్పేస్, డి అడ్రస్, ఎంటర్. సి ముందు, డి వెనక, ఆ వరుస మారకూడదు. జంక్షన్ క్రియేటెడ్ ఫర్ అని ఒక లైన్ వస్తే పని అయిపోయినట్టే. అడ్మిన్ పర్మిషన్ కూడా అక్కర్లేదు దీనికి. మొబైల్‌సింక్ ఫోల్డర్‌లోకి వెళ్ళి చూస్తే బ్యాకప్ అని బాణం గుర్తుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, తెరిస్తే ఖాళీ. ఖాళీగానే ఉండాలి.

ఇప్పుడు, ఇప్పుడే, మీ ఫోన్ పెట్టండి కేబుల్‌కి. ట్రస్ట్ చెయ్యాలా అంటే ట్రస్ట్, పాస్‌కోడ్ అడిగితే కొట్టండి. ఐట్యూన్స్‌లో ఫోన్ బొమ్మ మీద నొక్కి, ఈ కంప్యూటర్ అని సెలెక్ట్ చేసి బ్యాకప్ నౌ. అది నడుస్తుండగా డిలో ఫోన్‌బ్యాకప్ ఫోల్డర్ తెరిచి చూడండి, నంబర్ పేరుతో ఫోల్డర్ పుట్టి పెరుగుతూ ఉంటుంది, సిలో ఖాళీ జాగా తగ్గకుండా ఉంటుంది. బ్యాకప్ అయిపోయి తేదీ టైం చూపించాకే సిలో ఓల్డ్ అని పెట్టిన ఫోల్డర్ జోలికి వెళ్ళాలి. అప్పుడు కూడా నన్నడిగితే ఒక వారం ఆగండి అంటా. మీ కొత్త బ్యాకప్ ఎలాగూ డిలో పడుతోంది, 9 జీబీతో సి ఇంకో వారం ఈడుస్తుంది, తొందరేముంది.

ఆ వారం ఎందుకంటే, మీవాడి బ్యాకప్‌కి ల్యాప్‌టాప్ బయట కాపీ ఇంకా లేదు. సి నుంచి డికి మార్చడం అంటే గది మార్చడమే, ఇంటికి నిప్పంటుకుంటే రెండు గదులూ పోతాయి. ల్యాప్‌టాప్ ఎవరో ఎత్తుకుపోయినా, టీ ఒలికినా, తిరిగే డిస్క్ ఒక రోజు టిక్ టిక్ మని ఆగిపోయినా అంతే. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకుని అబ్బాయి ఫోల్డర్‌ని అందులోకి ఇంకోసారి కాపీ చేసి బీరువాలో పెట్టండి. ఇంట్లో పడున్న పాత పెన్‌డ్రైవ్ వాడదామంటే ముందు దాని ఫార్మాట్ చూడండి, ఫ్యాట్ 32 అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా ఎక్కదు, ఐఫోన్‌లో 4కె 60 ఫ్రేమ్స్ వీడియో నిమిషానికి దాదాపు 400 ఎంబీ, అంటే ఫ్రెండ్ పెళ్ళిలో 11 నిమిషాలు ఆపకుండా తీసిన వీడియో ఉంటే అక్కడ ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ అయితే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. మీవాడు అక్కడ మ్యాక్ కొన్నా ఇబ్బంది లేదు, బ్యాకప్ ఏ కంప్యూటర్‌లో తీశాం అన్నది దానికి పట్టదు, మొబైల్‌సింక్‌లో బ్యాకప్ అనే ఫోల్డర్ మ్యాక్‌లోనూ ఉంటుంది, అందులో పెట్టి ఫైండర్ (మ్యాక్‌లో ఐట్యూన్స్ బదులు ఈ పని చేసేది అదే) నుంచి రీస్టోర్ చేసుకోవచ్చు. కొత్త ఫోన్‌లో ఐఓఎస్ (ఐఫోన్ నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం బ్యాకప్ తీసిన నాటి వెర్షన్ కంటే పాతది కాకూడదు, కొత్త ఫోన్‌లోనూ ఒక్కోసారి పాతదే ఉంటుంది, అలా ఉంటే ముందు అప్‌డేట్ చేసుకుని తర్వాత ఎక్కించుకోవాలి.

జంక్షన్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి పెట్టుకోవచ్చా అని అడుగుతారేమో, పెట్టుకోవచ్చు గానీ మీకు వద్దు. డిస్క్ తగిలించడం మర్చిపోయిన రోజు గోడౌన్‌కి తాళం ఉన్నట్టే, ఎర్రర్ వస్తుంది. డ్రైవ్ అక్షరం ఈ నుంచి ఎఫ్‌కి మారినా అంతే. రోజువారీకి డి చాలు.

మీవారి శామ్‌సంగ్‌కి ఇంత తతంగం లేదు. కంప్యూటర్‌లో స్మార్ట్ స్విచ్ వేసుకుంటే దాని ప్రిఫరెన్సెస్‌లోనే బ్యాకప్ ఫోల్డర్ మార్చుకునే ఆప్షన్ ఉంది, డి చూపించెయ్యండి, అయిపోయింది.

ఇక తాళం బొమ్మ. ఆ లిస్టులో మీవాడి బ్యాకప్ పక్కన తాళం ఉంటే అది ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్. మంచిదే, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా, కాల్ హిస్టరీ లాంటివి అలాంటి దాంట్లోనే వస్తాయి. కానీ దానికి ఒక పాస్‌వర్డ్ ఉంటుంది, అది ఫోన్ పాస్‌కోడ్ కాదు, యాపిల్ ఐడీదీ కాదు, బ్యాకప్ తీసేటప్పుడు విడిగా పెట్టింది. అది మర్చిపోతే యాపిల్ వాళ్ళు కూడా తియ్యలేరు, మీరు ఎన్ని డిస్కుల్లో దాచినా తెరుచుకోదు. వాడు వెళ్ళి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు గానీ ఇంకా గుర్తుండే అవకాశం ఇప్పుడే ఎక్కువ, కొత్త ఫోన్ కొనేదాకా ఆగితే తక్కువ. మనకి రాత్రి 8 అంటే అక్కడ వాళ్ళకి పొద్దున్న 8:30 లేదా 9:30 అవుతుంది, కాలాన్ని బట్టి. కాపీ మొదలెట్టే ముందే వాడికి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగాక ఆ పాస్‌వర్డ్ అడగండి, చెప్పింది కాగితం మీద రాసి ఆ హార్డ్ డిస్క్ కవర్‌లోనే పెట్టండి.